నోరా చూపించిన వెనక గుమ్మం

మా ముత్తాత వీరరాఘవరావు బహద్దరు గారు చింతలరేవు ఎస్టేటుకు జమీందారు. గోదావరి పాయ మీద రెండు రేవులు ఆయన చేతిలో ఉండేవి. మా తాతగారు నరసింహరావు గారు జిల్లా బోర్డు సభ్యులు. కలెక్టరు మజిలీకి వస్తే దిగేది మా రేవు బంగళాలోనే. మా నాన్నగారు గోపాలరావు గారి నాటికి జమీ పోయింది, పొలాలు పోయాయి, దివాణం కూలిపోయి ఆ ఇటుకలు ఊళ్ళోవాళ్ళ గోడల్లో కలిసిపోయాయి. అయినా ఆయన వీధిలో నడిచి వెళుతుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు. నాకు ముత్తాతగారి పేరు పెట్టారు. పేరుతో పాటు ఆయన వెన్నెముక కూడా వచ్చిందని మా అమ్మ అనేది. అది మెచ్చుకోలు కాదని నాకు చాలా ఏళ్ళకు గానీ అర్థం కాలేదు.

సింగపూర్‌లో ఈ వివరాలు ఎవరికీ అక్కర్లేదు. జురాంగ్ వెస్ట్‌లో మేముండే బ్లాకు కింద ఒక ఇస్త్రీ దుకాణం ఉంది. ఈ ఉదయం వాన వెలిశాక పాల ప్యాకెట్టు కోసం కిందికి దిగాను. దుకాణం తలుపు తెరిచి ఉంది. లోపల పెద్ద ఇస్త్రీ యంత్రం మూత ఎత్తగానే ఆవిరి బయటికి వచ్చింది. తడి నూలుగుడ్డ వేడికి ఆరేటప్పుడు వచ్చే వాసన, కాస్త గంజి, కాస్త సబ్బు. పాల సంగతి మరిచి అక్కడే నిలబడిపోయాను. నోరా కూడా ఇలాగే నిలబడేది. మీటింగుకు ఆలస్యమవుతున్నా సరే, దారిలో ఇస్త్రీ దుకాణం కనబడితే ఆగి, కళ్ళు మూసుకుని, గుండెల నిండా ఒకసారి పీల్చుకుని గానీ కదిలేది కాదు.

నోరా ఇక్కడ నా మొదటి అధికారి. ఐర్లండ్ దేశస్థురాలు. లిమరిక్ అనే నదీతీర నగరంలో పుట్టింది. నేను చేరేనాటికి ఆవిడకు యాభై దాటి ఉంటాయి. ఎముక పుష్టి ఉన్న మనిషి, ముఖం నిండా గోధుమరంగు చుక్కలు, ఎండకు కందిపోయిన మెడ. గొడుగు పట్టగా నేనెన్నడూ చూడలేదు. రెండువేల సంవత్సరం వచ్చేసరికి కంప్యూటర్లన్నీ తారీఖులు తప్పి ఆగిపోతాయని ప్రపంచమంతా హడలిపోతున్న రోజులవి. మా ఊళ్ళ నుంచి విమానాల నిండా కుర్రాళ్ళను దింపుతున్నారు. గిడ్డంగుల సరుకు లెక్క చూసే సాఫ్ట్‌వేర్ తయారు చేసే ఒక చిన్న కంపెనీలో నాకు ఉద్యోగం వచ్చింది. దాని ప్రధాన కార్యాలయం లిమరిక్‌లో, ఇక్కడి శాఖ జురాంగ్ ఈస్ట్‌లో. శాఖకు అధిపతి నోరా.

మొదటి రోజు కోటు తొడుక్కుని, టై కట్టుకుని వెళ్ళాను. ఆ ఎండలో కోటు వేసుకున్నవాణ్ణి భవనం మొత్తానికి నేనొక్కణ్ణే. నా బల్ల మీద కంప్యూటరు లేదు. కింద గోదాములో ఉందనీ, తెచ్చుకోవాలనీ చెప్పారు. ఆ రోజుల్లో మానిటర్ అంటే చిన్న ఇనప్పెట్టె. నేను చుట్టూ చూసి, "ప్యూన్ ఎక్కడ?" అని అడిగాను.

నోరా తన గదిలోంచి బయటికి వచ్చింది. చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుంది.

"పద. నువ్వు అటు పట్టు, నేను ఇటు పడతాను. ఇక్కడ ప్యూన్లం మనిద్దరమే."

మూడు అంతస్తులు మోశాం. లిఫ్టు ఆ పూట బాగు చేస్తున్నారు. ప్రతి మలుపులోనూ ఆవిడ "దించుదామా?" అనేది. నేను "అక్కర్లేదు" అనేవాణ్ణి. పైకి చేరేసరికి నా కోటు వెనక భాగం తడిసి వీపుకు అతుక్కుపోయింది. ఆవిడ చూసి నవ్వలేదు. అప్పటికి నాకు కావలసింది అదొక్కటే.

నాతో పాటు అదే ఫ్లాట్‌లో ఉండే శ్రీను మాత్రం నవ్వేవాడు. అతనిది కరీంనగర్ జిల్లా. నా సహోద్యోగి, నాకు వంట నేర్పిన గురువు, ఈ ఊళ్ళో నన్ను ఎగతాళి చేసే హక్కు సంపాదించుకున్న ఏకైక మనిషి. "మా ఊరి దొరలు గడీలల్ల ఉండేటోళ్ళు. నువ్వేందన్నా, త్రీ రూమ్ ఫ్లాట్ల ఉంటవ్, బనీను కూడా ఇస్త్రీ చేస్తవ్!" అనేవాడు. చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్‌లో తిన్నాక పళ్ళేలు వదిలేసి లేచిపోవడమే అప్పట్లో ఆచారం. తీయడానికి మనుషులు ఉండేవారు. నోరా మాత్రం తన పళ్ళెం తానే తీసుకెళ్ళి, తుడిచే బండిలో పెట్టేది. ఆ బండి తోసే చైనా ముసలావిడ ప్రతిసారీ కంగారుపడి, వదిలెయ్యమని "లీవ్ లా, లీవ్ లా!" అని అరిచేది. "ఆంటీ, మీరు నిన్న మోకాలు నొప్పి అన్నారు కదా" అని నోరా ఆవిడ మోకాలి సంగతి అడుగుతూ నిలబడిపోయేది. నేను కుర్చీలోంచి లేవకుండా వాళ్ళిద్దరి వంకా చూస్తూ కూర్చునేవాణ్ణి. శ్రీను నా చెవిలో, "లే దొరా, పళ్ళెం ఎత్తితే వేళ్ళు అరిగిపోతయా?" అనేవాడు.

నోరాకు ఆఫీసులో ఒక నియమం ఉండేది. బయటి దేశం నుంచి ఎవరు పని మీద వచ్చినా, వాళ్ళకు ఒక రోజు ఊరు చూపించాలి. చూపించేది మా ఉద్యోగుల్లో ఒకరు, వంతుల ప్రకారం. గైడును పెట్టకూడదు, టూరిస్టు బస్సు ఎక్కించకూడదు. నా వంతు వచ్చినప్పుడు లిమరిక్ నుంచి ఇద్దరు ఇంజనీర్లు వచ్చారు. నాకది చిన్నతనంగా తోచింది. కలెక్టర్లకు ఆతిథ్యమిచ్చిన ఇంట పుట్టి, పరాయి ఊళ్ళో జెండా పట్టుకున్న గైడులా ముందు నడవడమా? నా సొంత జీతంతో మంచి గైడును కుదిర్చాను. ఏసీ కారు మాట్లాడాను. వెనక సీటులో టై కట్టుకుని కూర్చున్నాను. అతిథులు సంతోషించారు కూడా.

సోమవారం నోరా పిలిచింది.

"వాళ్ళకు ఏం చూపించావు రాఘవ్?"

"అన్నీ. ఈ ఊళ్ళో అంతకంటే పెద్ద గైడు దొరకడు."

"అతను చూపించాడు. నువ్వేం చూపించావని అడుగుతున్నాను."

"మా ఇంట్లో అతిథుల్ని దివాను గారు చూసుకునేవారు. మా తాతగారు మేడ మీద ఉండేవారు. దర్శనానికి వాళ్ళే పైకి వెళ్ళేవారు."

నోరా కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. "అయితే మీ తాతగారికి తన ఇల్లు ఎలా ఉంటుందో తెలిసి ఉండదు, పాపం!"

ఆ 'పాపం' నాకు గుచ్చుకుంది. పది రోజుల పాటు పని మాటలు తప్ప ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడ అది గమనించినట్టే కనబడలేదు. పదకొండో రోజున నా బల్ల మీద ఒక కాఫీ పెట్టి, "అలక తీరిందా, ఇంకా ఉందా? ఉంటే రేపు మళ్ళీ తెస్తాను" అని వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే కాకినాడ నుంచి సుభద్రక్క ఫోన్ చేసింది. ఆవిడ మా పెదనాన్న కూతురు, బడిలో టీచరు. మా ఆస్తుల్లో చివరికి మిగిలింది మేం చిన్నప్పుడు ఉన్న రేవు బంగళా ఒక్కటే. దానికి వారసులం మేమిద్దరమే. నేను ఇంత దూరంలో ఉన్నాను. నెలకోసారి బస్సెక్కి వెళ్ళి తాళం తీసి, ఊడ్పించి వచ్చేది ఆవిడే.

"రాఘవా, ముందు వసారా కూలిపోయిందిరా. ఒడ్డు కూడా కోసుకుపోతోంది. నా వల్ల కావడం లేదు. సత్తిబాబు అడుగుతున్నాడు, ఇచ్చేద్దాం."

"ఏ సత్తిబాబు?"

"వీరన్న మనవడు. రేవులో మన పడవ నడిపేవాడే, ఆ సరంగు వీరన్న. వీడు రొయ్యల చెరువుల్లో బాగుపడ్డాడు. బాగు చేయించుకుని, వాళ్ళమ్మతో సహా అందులోనే ఉంటాడట."

"తెడ్డు వేసినవాళ్ళు మేడ మీద పడుకుంటారా?" అన్నాను. ఆ మాట నేనే అన్నాను. ఇప్పుడు దాన్ని మెత్తగా మార్చి రాసుకోవచ్చు గానీ, అన్నది అన్నట్టే రాయడం మర్యాద.

అక్క ఆ మాట విననట్టే చెప్పింది. "నా సంతకం నేను పెట్టేశాను. కాగితాలు పంపుతున్నాను. ఇంకొక మాట. నువ్వు స్వయంగా వచ్చి హద్దులు చూపిస్తేనే తీసుకుంటాడట. ఎవరినో పంపి చేయించుకునే పని కాదన్నాడు."

మా వైపు స్థలం అమ్మినప్పుడు అమ్మేవాడు కొనేవాణ్ణి వెంటబెట్టుకుని నాలుగు హద్దులూ నడిచి చూపించాలి. తూర్పున ఇది, దక్షిణాన ఇది అని చేత్తో చూపిస్తూ, నోటితో చెబుతూ నడవాలి. వీరరాఘవరావు బహద్దరు గారి మునిమనవడు సరంగు వీరన్న మనవడికి దారి చూపిస్తూ ముందు నడవాలి. కాగితాలు కొరియర్‌లో వచ్చాయి. మడత విప్పకుండా సూట్‌కేసు అడుగున పెట్టేశాను. ఇంకొక్క వాన కాలం వస్తే మేడ మెట్లు కూడా మిగలవని అక్క రెండుసార్లు ఫోన్ చేసింది. అమ్మకపోతే ఆ బంగళా గోదావరిలో కలుస్తుంది. అమ్మితే వీరన్న మనవడికి వెళుతుంది. నాకు ఆ రోజుల్లో మొదటిదే గౌరవంగా కనిపించేది.

ఆ శీతకాలం ముందు ప్రధాన కార్యాలయంలో తారీఖుల సవరణలు పరీక్షించడానికి నన్ను లిమరిక్ పంపారు. నోరా కూడా వచ్చింది. నాలుగు రోజుల పని అయ్యాక శనివారం మిగిలింది. "రేపు నీకు ఊరు చూపిస్తాను. ఒక్క అతిథికి ఒక్క గైడు. తొమ్మిదికి తయారుగా ఉండు" అంది. "వంతు నాది."

నది ఒడ్డున ఉన్న పాత కోట ముందు నుంచి మొదలుపెడుతుందనుకున్నాను. ఆవిడ నన్ను శనివారం సంత వెనక సందులోకి తీసుకెళ్ళింది. అప్పుడే దింపుతున్న చీజ్ గడ్డలు, మట్టి వదలని బంగాళాదుంపలు, వేడి రొట్టె. "ముందు నుంచి అయితే బస్సువాళ్ళు చూపిస్తారు. ఊరు నిద్ర లేచేది వెనక నుంచి" అంది. సన్నటి వాన పడుతోంది. ఎవరూ దాన్ని వానగా లెక్కచేయడం లేదు. దారి పొడుగునా నోరాను పేరు పెట్టి పలకరించేవాళ్ళే. రొట్టెల దుకాణం ముసలాయన నన్ను చూసి, "నోరా, ఈ రాజకుమారుణ్ణి ఎక్కడ పట్టుకొచ్చావు?" అన్నాడు. "సింగపూర్‌లో దొరికాడు. జాగ్రత్త, వంగడు, విరుగుతాడు" అంది నోరా.

షానన్ నది మా గోదావరి పాయ కంటే వెడల్పుగా ఏమీ లేదు. నీళ్ళు నల్లగా, చురుగ్గా ఉన్నాయి. అవతలి గట్టున పాతకాలపు కోట బురుజులు, ఇవతల హంసలు. వంతెన చివర ఒక దిమ్మె మీద ఒక పెద్ద రాయి పెట్టారు. మూడు వందల ఏళ్ళ కిందట ఇంగ్లీషు సైన్యం ఊరిని ముట్టడించింది. ఊరివాళ్ళు ఇక నిలవలేక సంధి చేసుకున్నారు. ఆ సంధి మీద సంతకాలు ఈ రాతి మీదే పెట్టారని చెబుతారు.

"ఓడినవాళ్ళ సంతకానికి ఇంత పీఠమా?" అని అడిగాను.

"ఓడినా జెండాలు పట్టుకుని, డప్పులు కొట్టుకుంటూ, ఇదే వీధుల్లో నడిచి వెళ్ళి ఓడలెక్కారు. ఇచ్చిన మాట తప్పింది గెలిచినవాళ్ళు. ఆ సంతకానికి మేమెందుకు సిగ్గుపడాలి?" అంది. సూట్‌కేసు అడుగున ఉన్న కాగితాల గురించి అప్పటికి ఆవిడకు తెలియదు.

అక్కడి నుంచి పెద్ద చర్చికి వెళ్ళాం. లోపల నల్లటి చెక్కతో చెక్కిన పాత కుర్చీలు ఉన్నాయి. పీట పైకి మడిస్తే దాని అడుగున చిన్న అంచు బయటికి వస్తుంది. గంటల తరబడి నిలబడి ప్రార్థన చేయవలసిన ముసలి పూజారులు ఆ అంచు మీద కాస్త ఆనుకునేవారట. చూసేవాళ్ళకు నిలబడినట్టే కనిపిస్తారు. నోరా ఒక పీట మడిచి, నా భుజం తట్టి, "కూర్చో. నీలాంటివాళ్ళ కోసమే చేయించారు" అంది. మొదట బిగుసుకున్నాను. పొద్దుటి నుంచి నడుస్తున్నందుకు కాళ్ళు పీకుతున్నాయి. ఆనుకున్నాను. నిజంగానే సుఖంగా ఉంది. ఆవిడ పక్క పీట మీద ఆనుకుంది. ఇద్దరం నిలబడినట్టే కూర్చుని కాసేపు విశ్రాంతి తీసుకున్నాం. లిమరిక్‌లో నేను మొదట నవ్వింది అక్కడే.

మధ్యాహ్నం ఊరు దాటి, నది వెంబడి కారులో తీసుకెళ్ళింది. చెట్ల మధ్య మూడు అంతస్తుల పెద్ద భవనం. ముందు వరుసగా పొడుగాటి కిటికీలు. ఇప్పుడు అందులో కంప్యూటర్ శిక్షణ కేంద్రం పెట్టారట. సెలవు రోజు కావడంతో ఎవరూ లేరు. కాపలాదారు నోరాకు తెలిసినవాడే. ఆవిడ ముందు తలుపు వంక చూడనైనా చూడకుండా చుట్టూ తిరిగి వెనక్కి నడిచింది. రాళ్ళు పరిచిన పెరడు, అరిగిపోయిన మూడు మెట్లు, పొట్టి తలుపు.

"ఇది మా అమ్మ గుమ్మం" అంది. "బ్రిజెట్ ఆవిడ పేరు. ఇరవై రెండేళ్ళు ఈ ఇంటి బట్టలు ఉతికింది. ఇదిగో, బాన ఇక్కడ. బొగ్గు అక్కడ. ఇస్త్రీ బల్ల ఈ కిటికీ కింద. నా లెక్కల హోంవర్కంతా ఆ ఆవిరిలోనే."

ఇస్త్రీ దుకాణాల ముందు ఆవిడ ఎందుకు ఆగేదో నాకు అప్పుడు తెలిసింది. అయిదేళ్ళ పిల్ల ఎవరికో తన ఇల్లు చూపిస్తున్నట్టు, ప్రతి గొట్టాన్నీ, ప్రతి కొక్కేన్నీ తాకి చూపించింది. మా ఇంట పుట్టిన పిల్లలెవరూ మా దివాణాన్ని ఏనాడూ అలా చూపించి ఉండరు. తర్వాత లోపలి నడవా గుండా ముందు హాల్లోకి తీసుకెళ్ళింది. అక్కడ ఆగింది.

"నాకు పదహారేళ్ళప్పుడు ఈ ఇల్లు వేలానికి వచ్చింది" అని చెప్పడం మొదలుపెట్టింది. "వారసుడు ఎడ్వర్డ్ అని, పెళ్ళి కాని ముసలాయన. పెద్ద మీసాలు, పెద్ద పొగరు. వేలం రోజున దాక్కుంటాడనుకున్నారు ఊళ్ళోవాళ్ళు. ఆయన మంచి కోటు వేసుకుని ముందు మెట్ల మీద నిలబడ్డాడు. వచ్చినవాళ్ళందరినీ, రైతునీ, కసాయినీ, పేరు పెట్టి పలకరించి లోపలికి పిలిచాడు. మా అమ్మ టోపీ పెట్టుకుని వచ్చింది. వస్తూనే అలవాటుగా వెనక్కి మళ్ళింది. ఆయన మెట్లు దిగి వచ్చి, 'బ్రిజెట్, ఈ రోజు ఇటు రండి. మీరు ఇస్త్రీ చేసిన తెరలు ఇక్కడి నుంచి చూడాలి' అన్నాడు. ఇరవై రెండేళ్ళు వాటిని ఉతికింది రాఘవ్, వేలాడుతుండగా ఒక్కసారి కూడా చూడలేదు. ఇదిగో, సరిగ్గా ఇక్కడ నిలబడింది."

"ఏమంది?"

"చాలాసేపు చూసి, 'ఎడమవైపుది కాస్త జారింది సార్' అంది. ఆయన కుర్చీ లాక్కుని, ఎక్కి, సరి చేశాడు. బయట వేలంపాట మొదలైపోయింది. సాయంత్రానికి ఆ తెరలు ఎవరివో! అయినా సరి చేశాడు."

ఆ హాల్లో ఇప్పుడు తెరలు లేవు. వరుసగా కంప్యూటర్లున్నాయి, వాటి మీద ప్లాస్టిక్ ముసుగులు. నేను కిటికీ దగ్గర నిలబడి, ఎవరికీ చెప్పని సంగతంతా చెప్పేశాను. బంగళా, అక్క, వీరన్న మనవడు, హద్దులు, ఫోన్‌లో నేనన్న మాట. అన్నీ. ఆవిడ ధైర్యం చెబుతుందనుకున్నాను. లేదా తిడుతుందనుకున్నాను.

"మీ బంగళాకు తెరలుండేవా?" అని అడిగింది.

"ఉండేవి. మేడ మీద హాల్లో పచ్చవి."

"ఎవరు ఉతికేవారు?"

"చాకలి."

"అది పేరు కాదు."

నాకు పేరు తెలియదు. నీళ్ళు ఎవరు మోసేవారు, వంట ఎక్కడ చేసేవారు, వెనక గుమ్మం ఏ వైపు తెరుచుకుంటుంది, అన్నీ అడిగింది. ఏడు తరాల వంశవృక్షం తడుముకోకుండా చెప్పగలవాణ్ణి, ఒక్కదానికీ జవాబు చెప్పలేకపోయాను. నాకు మా ఇల్లు ముందు మెట్ల నుంచి మేడ దాకానే తెలుసు.

"అమ్ము, అమ్మకపో, అది నీ ఇష్టం" అంది నోరా, కారు తాళాలు వెతుక్కుంటూ. "కానీ ఏం అమ్ముతున్నావో ముందు తెలుసుకో. పద, ఆకలి వేస్తోంది. చేపలు తిందాం."

సింగపూర్ తిరిగి వచ్చాక ఫోన్ కార్డు కొని అక్కకు ఫోన్ చేశాను. "మన బంగళాలో బట్టలు ఎవరు ఉతికేవారక్కా?" అని అడిగాను.

"ఇదేం ప్రశ్నరా, ఐ.ఎస్.డి. చేసి?"

"తెలిస్తే చెప్పు."

"మంగమ్మ" అంది అక్క. "నాకు జడ కూడా వేసేది. నీకు గుర్తుండదులే, నువ్వు మేడ దిగితేగా!"

"సత్తిబాబుకు చెప్పు. వస్తున్నాను. హద్దులు నేనే చూపిస్తాను."

శ్రీను నన్ను ఎయిర్‌పోర్టులో దింపి, జాగ్రత్త చెబుతూ, "పైలం దొరా" అన్నాడు. ఆ ఒక్కసారి ఆ మాటలో ఎగతాళి లేదు.

సత్తిబాబు పదింటికి బంగళాకు వస్తానన్నాడు. మా నాన్నగారి కోటు తొడుక్కుని తొమ్మిదిన్నరకే కూలిన వసారా పక్కన నిలబడ్డాను. కారు దిగింది నా ఈడు మనిషి. తెల్లటి చొక్కా, చేతికి బరువైన గడియారం. చెప్పులు కారు దగ్గరే విడిచాడు. నా ముఖం వంక సూటిగా చూడలేకపోయాడు. నా సంగతీ అంతే. అతని వెంట వాళ్ళమ్మ సూరమ్మ, నెరిసిన ముడి, ముదురు నీలం చీర. కారు దిగగానే ఆవిడ మమ్మల్ని దాటుకుని, కొంగు నడుముకు దోపుకుని, బంగళా వెనక వైపుకు నడిచిపోతోంది.

"అమ్మా, ఎక్కడికే?" అన్నాడు సత్తిబాబు సిగ్గుపడుతూ.

నేను రెండు అంగల్లో వెళ్ళి ఆవిడకు ఎదురుగా నిలబడ్డాను. "సూరమ్మగారూ, ఇటు రండి. ఈ రోజు ముందు నుంచి."

ఆవిడ తికమకపడింది. "అలవాటు బాబూ. కాపరానికొచ్చిన కొత్తలో నీళ్ళు మోసేదాన్ని. కాళ్ళు అటే ఎల్లిపోతన్నాయి."

"ముందు నేను మీకు ఇటు చూపిస్తాను. తర్వాత అటు మీరు నాకు చూపించాలి. నాకు తెలియదు."

చెయ్యి అందించాను. మెట్లు ఎక్కించాను. మా ముత్తాతగారు ఎక్కడ కూర్చునేవారో, కలెక్టర్లు ఏ గదిలో దిగేవారో చెప్పాను. ఆవిడ ప్రతిదానికీ "ఆయ్, అలాగా అండి!" అంది, మర్యాదకు. ఆ తర్వాత వెనక్కి వెళ్ళాం. అప్పుడు ఆవిడ వంతు. "ఇక్కడ గాడిపొయ్యి. ఇక్కడ మంగమ్మ చాకిరేవు బండ. ఈ గుంజకు మా మావగారు పడవ కట్టేవోరు. ఈ గోడ మీద గీతలు వరదొచ్చినప్పుడల్లా మా మావగారు గీసినవే." మా ఇంటి గోడ మీద వరద గీతలున్నాయని నాకు ముప్పయ్యొకటో ఏట తెలిసింది.

దక్షిణం, పడమర, ఉత్తరం నడిచి చూపించాను. చేత్తో చూపిస్తూ, నోటితో చెబుతూ, సత్తిబాబు కంటే ఒక అడుగు ముందు. తూర్పున హద్దు రాయి కనబడలేదు. నేను తడుముకుంటుంటే సూరమ్మ నీళ్ళ వైపు చూపించింది. "రాయి ఎప్పుడో ఎల్లిపోయింది బాబూ. తూరుపు హద్దు గోదారే. అది ఎక్కడుంటే అక్కడిదాకా."

"విన్నారు కదా?" అన్నాను సత్తిబాబుతో.

"ఇన్నానండి" అన్నాడు. అప్పుడు మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. "మీరు రారేమో అనుకున్నానండి."

"నేనూ అలాగే అనుకున్నాను" అన్నాను.

సింగపూర్ తిరిగి వచ్చి సంగతంతా చెప్పినప్పుడు నోరా అడిగింది ఒక్కటే. "తెరలు ఉన్నాయా?" ఎలకలు కొట్టేశాయన్నాను. ఆవిడ నవ్వి, నాతో పాటు హాకర్ సెంటర్‌కు వచ్చింది. తిన్నాక నా పళ్ళెం నేను తీశాను. బండి దగ్గర ముసలావిడ "లీవ్ లా!" అని అరిచింది. మోకాలు ఎలా ఉందని అడిగాను. దూరంగా శ్రీను రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

తర్వాత రెండేళ్ళకే ఆ సందడి సద్దుమణిగింది. మా శాఖ మూసేశారు. చివరి రోజు మానిటర్లు కిందికి దింపాలి. నోరా చొక్కా చేతులు మడుచుకుని వచ్చి, "నువ్వు అటు పట్టు" అంది. ఈసారి రెండో మలుపులో ఆవిడ అడగకముందే, "దించుదాం" అన్నాను. మెట్ల మీద కూర్చున్నాం. ఆవిడ ఊపిరి కుదుటపడ్డాకే లేచాం. ఆ నెలలోనే లిమరిక్ వెళ్ళిపోయింది. ఏటా ఒక ఉత్తరం రాసేది. అందులో సగం ఊరి వాన గురించే. ఆవిడ పోయిన సంగతి వాళ్ళ చెల్లెలు రాసింది.

నేను ఇప్పటికీ పొగరుబోతునే. మా పిల్లలు అడిగితే అదే చెబుతారు. కోటు మానలేదు. కానీ ఆఫీసుకు కొత్తగా ఎవరు వచ్చినా మొదటి ఆదివారం నాది. నది వైపు హోటళ్ళ వరుస ముందు నుంచి కాక, వెనక సందులోంచి మొదలుపెడతాను. గిన్నెలు తోమే చోటు, సరుకు దింపే చోటు, అక్కడ పనిచేసేవాళ్ళ పేర్లు. మా బ్లాకు కింద ఇస్త్రీ దుకాణం ఆయన పేరు రహీమ్. ఈ ఉదయం నేను అంతసేపు నిలబడటం చూసి, "అంకుల్, ఏమైనా ఇవ్వాలా?" అని అడిగాడు. ఏమీ లేదని, పాలు తీసుకుని పైకి వచ్చాను.

రేవు బంగళా, దాని చుట్టూ ఉన్న ఎకరం ముప్ఫై సెంట్లు, చాకిరేవు బండ, పడవ కట్టే గుంజ, అన్నీ ఆనాడే సూరమ్మగారి పేరున అమ్మేశాం.